ఎడమచేతి దంపు

మా వదిన ఇలుమినాదా ముక్కు సంగతి చెబితే నమ్మనివాళ్ళు ఊళ్ళో ఇంకా కొందరు మిగిలారు. వాళ్ళ ఖర్మ. అసున్సియోన్ మార్కెట్టు వెనక, బస్సులు ఆగే మూల మీద, ఆమె రోలు ముందు ఒక్క పూట నిలబడితే వాళ్ళకే తెలుస్తుంది. పుదీనా కట్ట ముక్కు దగ్గర పెట్టుకుందంటే అది ఏ ఊరి పెరట్లో పెరిగిందో, ఎప్పుడు కోశారో, కోసినావిడ ఆ పొద్దున మొగుడితో పోట్లాడిందో లేదో కూడా చెప్పేస్తుంది. ఒకసారి నా చొక్కా వాసన చూసి, ముందురోజు నేను ఎవరింట్లో భోంచేశానో చెప్పడమే కాదు, వాళ్ళింట్లో పందికొవ్వు డబ్బా అడుగంటిందని కూడా చెప్పింది. వెళ్ళి చూస్తే నిజమే. నేను అబద్ధాలాడను. కొంచెం సాగదీస్తానంతే.

నా పేరు క్రిస్పులో. థర్మాసులకి తోలు తొడుగులు కుడతాను. ఈ దేశంలో నా చేతి కుట్టు లేని థర్మాసు కనిపించిందంటే అది కచ్చితంగా దొంగసొత్తే. అయిదో తరగతిలో బడి మానేశాను. ఆరోజు మా పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆనందంతోనా, బాధతోనా అని నేను అడగలేదు, మీరూ అడగొద్దు. మా అన్న ఎలీహియో ఈ మూల నుంచి కాపియాతా ఊరి దాకా బస్సు నడుపుతాడు. ఆయన పెళ్ళామే ఇలుమినాదా. ఆమె రోలు పక్కనే నా కుట్టుబల్ల. ఇరవై ఆరేళ్ళుగా ఆ రోకటి చప్పుడు వింటూ తోలు కుడుతున్నవాణ్ణి, ఆమె కథ చెప్పడానికి నాకంటే అర్హుడెవడు?

మావాళ్ళకి పొద్దున్నే మా టీ ఆకు యెర్బా వేడిగా పడాలి, ఎండెక్కాక అదే చల్లటి తెరెరేగా పడాలి. గ్లాసులా చెక్కిన ఎద్దుకొమ్ములో యెర్బా పొడి, పీల్చడానికో గొట్టం, పక్కన ఐసు నీళ్ళు, ఆ నీళ్ళలో ఆ రోజు ఒంటికి ఏది కావాలో ఆ ఆకు. ఆ ఆకు దంచిపెట్టడమే మా వదిన పని. మనిషి జగ్గు పట్టుకొచ్చి తన బాధ చెప్పుకుంటాడు. ఆమె బుట్టల్లోంచి నాలుగు రకాలు లాగి, కొయ్యరోట్లో వేసి దంచి, జగ్గులో పడేస్తుంది. ఒంట్లో రాళ్ళుంటే నేల ఉసిరి, నీరు సరిగా రాకపోతే గుర్రపుతోక గడ్డి, కడుపుబ్బరానికి బుర్రీతో ఆకు, చలవకి నిమ్మగడ్డి, నోటికి తీపి కావాలంటే రెండు తీపాకులు. సరిగ్గా పదకొండు పోట్లు. పదో పోటుతో ఆపితే ఆకు నిద్ర లేవదంటుంది. పన్నెండోది పడితే ఏడుస్తుందంటుంది. ఆమె దంచిన ఆకు నీళ్ళలో పీచులు పీచులుగా, పెళ్ళికూతురి జడలా తేలుతుంది.

ఒక్కటే లోపం. "ఏం బాధయ్యా?" అని ఆమె అడిగితే రెండు బస్సుల హారన్లు దాటి అవతలి వీధి దాకా వినిపిస్తుంది. గట్టిగా అడిగితే గట్టిగానే చెప్పాలి కదా. చర్చిలో గంట కొట్టే పెద్దమనిషి ఒకాయన తన మూలవ్యాధికి మందు పుచ్చుకోడానికి వచ్చి, "మా మేనమామకండీ" అన్నాడు. "మీ మేనమామ పోయి ఆరేళ్ళయింది కదండీ, ఇంకా తగ్గలేదా?" అంది వదిన. పాపం ఆయన అప్పట్నుంచీ నిలబడే గంట కొడుతున్నాడు.

ఇక ఆమె అనుమానం సంగతి. అది ముక్కుకంటే పెద్దది.

పెళ్ళయిన కొత్తలో అన్న బస్సులో డ్రైవరు వెనక సీటు పీకించేసింది. ఎందుకంటే ఆడవాళ్ళు అక్కడే కూర్చుని "ఈ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందండీ" అని అడుగుతారట. రేడియోలో పొద్దున వాతావరణం చెప్పే ఆవిడ గొంతు మరీ మెత్తగా ఉందని, ఆ స్టేషను కాదని ఫుట్‌బాల్ పెట్టించింది. మా అన్న థర్మాసు తొడుగు మీద నేను అందానికో పువ్వు కుట్టాను. "ఈ పువ్వు ఎవరి జడలోది?" అని నన్ను మూడ్రోజులు నిలదీసింది. నాలుగోరోజు పువ్వు విప్పేసి ఎద్దు బొమ్మ కుట్టాను. ఆ ఎద్దు కింద ఏమీ కనబడకుండా కుట్టమంది, ఆవు అనుకుంటారేమోనని మళ్ళీ కనబడేలా కుట్టమంది. ఇదంతా మా అన్న నోరు మెదపకుండా భరించేవాడు. సాయంత్రం బండి దిగి వచ్చాక రోజూ ఇదే వరస.

"ఇవాళ ఎంతమంది ఎక్కారు?"

"చాలామందే."

"ఆడవాళ్ళెంతమంది?"

"లెక్కపెట్టలేదే, ఇలూ."

"లెక్కపెట్టలేదంటే గుర్తుపెట్టుకున్నావన్నమాట."

దీనికి ఏ మగాడి దగ్గరైనా జవాబుందేమో చెప్పండి, తోలు తొడుగు ఊరికే కుట్టి ఇస్తాను.

నాలుగేళ్ళ కిందట, జనవరి ఎండల్లో, కథ ముదిరింది. బస్సు యజమాని మా అన్నని పిలిచి, ఎన్‌కర్నాసియోన్ దూరపు బండి ఇస్తాను తీసుకుంటావా అన్నాడు. వారంలో నాలుగు రాత్రులు అక్కడే పడుకోవాలి. శుక్రవారంలోగా చెప్పమన్నాడు. అన్న ఆ మాట ఆదివారం భోజనాల దగ్గర, మాండియోక దుంప నములుతూ, నా వైపు చూస్తూ చెప్పాడు. పెళ్ళాం వైపు చూడలేదు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

"నువ్వేమన్నావు?"

"ఆలోచిస్తానన్నాను."

ఇరవై రెండేళ్ళలో మా అన్న ఒక విషయం ఆలోచిస్తాననడం అదే మొదటిసారి. ఇంట్లో గాలి ఆడటం మానేసింది.

మర్నాడు సోమవారం మధ్యాహ్నం అన్న థర్మాసు పట్టీ తెగిందని నా బల్ల మీద పడేసి, తిండికి వెళ్ళాడు. కుట్టబోయే ముందు కడిగి ఇస్తానని వదిన మూత తీసింది. తీసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. లోపల అడుగున కాస్త ఆకు మిగిలి ఉంది. రెండు వేళ్ళతో బయటికి లాగి అరచేతిలో పరుచుకుంది.

"క్రిస్పులో, ఇది నా దంపు కాదు."

నేను చూశాను. నాకు గడ్డిలా కనిపించింది. అదే చెప్పాను.

"గడ్డి నీ బుర్రలో ఉంది. చూడు, మెత్తగా ముద్దయిపోయింది. పాతిక పోట్లు వేసింది మహాతల్లి. నలిగిన వాలు చూడు, అన్నీ కుడివైపుకి. ఎడమచేతి వాటం మనిషి. పొద్దున నేను పోసింది పారబోసి, దీంతో నింపుకున్నాడు." ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం రంగు మారడం నా కళ్ళారా చూశాను. "మ్బురుకుయా తీగ. నారింజ పూలు."

"అయితే?"

"అయితేనా? తీగ ఎందుకు? చుట్టుకోడానికి. నారింజ పూలు ఎవరు పెట్టుకుంటారు? పెళ్ళికూతురు. నా మొగుడికి వశీకరణం పెడుతోందిరా, ఎవత్తో! దాని పుట్టిల్లే ఎన్‌కర్నాసియోన్!"

ఇప్పుడు మీకొకటి చెప్పాలి. మ్బురుకుయా ఆకు, నారింజ పూలు కలిపి దంచితే అది దేనికో మా ఊళ్ళో పాలు మరిచిన పిల్లకి కూడా తెలుసు. నరాలు నెమ్మదించడానికి. గుండెదడకి. మా వదిన రోజుకి నలుగురికైనా అది దంచి ఇస్తుంది. కానీ ఆ క్షణాన ఆమెకి అది గుర్తురాలేదు. పచ్చకామెర్లవాడికి లోకం పచ్చగా కనిపిస్తుందని ఊరికే అనలేదు. నేను గుర్తుచేయబోయాను.

"వదినా, నరాలకేమో..."

"మీ అన్నకి నరాలెక్కడున్నాయి? లారీ గుద్దినా ఆవలించే మనిషి!"

మంగళవారం పొద్దున మా వదిన బుట్టల మీద గోనెసంచి కప్పేసింది. మా మూల మీద జనం చేతుల్లో జగ్గులతో, అమ్మ పోయిన పిల్లల్లా నిలబడిపోయారు. జలుబుకి, జ్వరానికి, మామగారి చావుకి కూడా మూతపడని రోలు అది. అన్న బండి వెళ్ళిన అరగంటకి వెనకొచ్చిన బస్సెక్కాం. ఆమె చేతిలో ఖాళీ జగ్గు, నా చేతిలో కొమ్ము, యెర్బా పొట్లం.

"ఎక్కడికి వదినా?"

"దారి పొడుగునా. ఆకు దంచే ప్రతిదాని దగ్గరా దిగుతాం. చెయ్యి దొరికేదాకా తాగుతాం."

తాగాం. మొదటి మూల మీద ఒక పడుచుపిల్ల. కుడిచెయ్యి. అయినా వదిన నోట్లో పోసుకుని, "నిద్రమొహం దంపు" అని తీర్పిచ్చింది. రెండోచోట పుదీనా నిన్నటిది. మూడోచోట ఆవిడ ఎడమచేత్తో దంచుతుంటే వదిన నా మోచెయ్యి గిల్లింది, చూస్తే కుడిచేతికి కట్టు ఉంది. నాలుగోచోట ఒక మగాడు దంచుతున్నాడు. ఆయన్ని దాటేద్దామన్నాను. "వద్దు, వాడికి అక్కాచెల్లెళ్ళుంటారు" అని అక్కడా తాగింది. ప్రతిచోటా కొమ్ములో కొత్త పొడి, మొదట పోసిన నీళ్ళు ఆనవాయితీగా పునీతుడు సాంతో తొమాస్ గారికి వదలడం, తర్వాత నింపి ఆమె పీల్చడం, మిగిలింది నాకివ్వడం. ఎక్కడికక్కడ "ఏం బాధమ్మా" అని అడుగుతున్నారు. "మా ఆయన" అంటోంది వదిన. వాళ్ళు అర్థమైనట్టు తలూపి నరాలకి దంచిస్తున్నారు. ఒక్కచోట మాత్రం "మా ఆయన నీరు సరిగా పొయ్యడు" అంది, రుచిలో మార్పు కోసం. ఆవిడ గుర్రపుతోక గడ్డి గుప్పెడు వేసింది.

ఆ గుప్పెడే మా కొంప ముంచింది. అక్కణ్ణుంచి పెట్రోలు బంకు కనిపించిన ప్రతిచోటా మా వదిన బస్సు ఆపించింది. మూడో బంకు దగ్గర కండక్టరు "ఏమ్మా, బండికి పోయిస్తావా నీకు పోయిస్తావా?" అన్నాడు. వదిన వాడి మీద వేసిన చూపుకి వాడి టోపీ ఎగిరి పడింది. గాలికి అంటారు కొందరు. నేనక్కడే ఉన్నాను, గాలి లేదు.

శాన్ లొరెన్సో దాటాక ఒక మూల మీద దిగేసరికి మా అన్న బండి ఎదురొచ్చింది. వదిన నన్ను మెడ పట్టి పుచ్చకాయల కుప్ప వెనక్కి లాగింది. నేను పుచ్చకాయలా తల వంచుకున్నాను, నాకు పెద్ద తేడా ఏం లేదు. ఆమె మాత్రం రెండు కాయల మధ్యలోంచి కన్ను పెట్టి చూసింది. బండి నెమ్మదిగా వెళ్ళింది. మా అన్న స్టీరింగు పట్టుకుని, ముందుకి వంగి, దవడ బిగించి కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు.

"చిక్కిపోయాడు కదరా" అంది వదిన. కాసేపాగి, "ఎవరి కోసమో" అంది.

మొత్తం పందొమ్మిది జగ్గులు. ఆమెని అడిగితే పదకొండే అంటుంది. కానీ లెక్కకి ఆమె నాలా అయిదో తరగతి దాకా బడికి పోయినది కూడా కాదు.

ఆఖరి మూల కాపియాతాలో, బస్సులు తిరిగే చోట. నల్లటి శాలువా, నోట్లో బొటనవేలంత లావు చుట్ట, పైపళ్ళలో ఒకటి బంగారం. డెబ్బైకి పైబడ్డ ముసలావిడ. చుట్టూ ఉన్న డ్రైవర్లు మర్యాదగా "న్యా ఒబ్దూలియా, నాకు మొన్నటిదే" అంటూ జగ్గులు చాపుతుంటే ఎడమచేత్తో రోకలి ఎత్తి వేస్తోంది, తొందరేమీ లేకుండా, పసిపిల్లని జోకొట్టినట్టు. వదిన లెక్కపెట్టింది. పాతిక.

నాకు నవ్వొచ్చింది. వదినకి రాలేదు. ఆమె చూస్తున్నది ముసలావిడ ముఖాన్ని కాదు, రోలు ముందున్న వరసని. మా మూల మీద వరస కంటే పొడుగు.

జగ్గు చాపింది. ముసలావిడ పైకి చూడకుండానే అడిగింది. "ఏం బాధ బిడ్డా?" ఎంత మెల్లగా అడిగిందంటే, పక్కనున్న నాకే సగం వినబడింది.

"ఒక డ్రైవరు వస్తాడు నీ దగ్గరికి. థర్మాసు మీద ఎద్దు బొమ్మ ఉంటుంది. అతనికి ఏం దంచుతావో అది కావాలి."

ముసలావిడ రోకలి ఆపింది. చుట్ట తీసి, వదిన కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది, రోకలి ఒరిసిన చోట.

"నువ్వూ దంచేదానివే. అయితే తెలీదా నీకు? ఎవరి పేరూ నేను రోట్లో వెయ్యను, బయటపెట్టను."

"పేరొద్దు. బాధ చెప్పు."

"బాధ చెప్పొచ్చు, మనం ఒకే పనివాళ్ళమే కదా. అతనికి జబ్బేం లేదమ్మా. ఇంటావిడే జబ్బు."

నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ముసలావిడ మాత్రం కొత్త ఆకు తుంచుతూ, వంట గురించి చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"పొద్దంతా బాగానే ఉంటాడంట. సాయంత్రం ఇంటికి తిరిగే మలుపు రాగానే గుండె దడదడలాడుతుంది, స్టీరింగు మీద చెయ్యి వణుకుతుంది. మొన్న ఒక సైకిలువాణ్ణి గుద్దేదాకా వెళ్ళాడు. ఆరు నెలలుగా నా దగ్గర దంపించుకుని, ఇంటికి పోయేముందు పారబోసి కడుక్కుంటాడు. ఆవిడా ఆకు దంచుతుందంట, ఆవిడతో చెప్పుకోవచ్చు కదయ్యా అన్నాను. ఏమని చెప్పుకోను, న్యా ఒబ్దూలియా, మా ఆవిడతో 'నా బాధ నువ్వే' అనా, అదీ వీధంతా వినేట్టు, అన్నాడు."

"ఇంకేమన్నాడు?" వదిన గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"దూరపు బండి తీసుకుంటే నాలుగు రాత్రులైనా గుండె ఊరుకుంటుందేమో అన్నాడు. వెళ్ళడం ఇష్టం లేదు పాపం. ఆవిడ పుదీనా లాంటి పుదీనా దేశంలో లేదంటాడు. నా ముందే అంటాడు, చూడు!" అని బంగారప్పన్ను చూపించి నవ్వింది. "నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఏం చేస్తాం, మందు నాది, మెచ్చుకోలు ఆవిడది."

వదిన జగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఒక ఆడది తన మొగుణ్ణి ఎత్తుకుపోతుందని ఇరవై రెండేళ్ళు కాపలా కాసిన మనిషి. వీధిలో ఒక్క ఆడదీ రాలేదు. తరుముతున్నది తనే. అది తెలిసింది. తెలిసినా, ఆమె కళ్ళలో నేను చూసింది ఏడుపు కాదు, కుళ్ళు. నా మొగుడు గుండె విప్పి చెప్పింది దీనికా? ఈ చుట్ట నోటికా? ఆరు నెలలా?

"నేనే ఇంట్లో దంచిస్తే?" అంది.

ముసలావిడ అప్పుడు తలెత్తి ఆమెని పూర్తిగా చూసింది. అర్థమయ్యే ఉంటుంది, డెబ్బై ఏళ్ళ మనిషి. అర్థమైనట్టు చూపించలేదు.

"నువ్వు ఏదైనా దంచు బిడ్డా. ఈ తీగ మాత్రం వద్దు. దీన్ని నెమ్మదైన చెయ్యి దంచాలి. నీ చెయ్యి ఇప్పుడే ఆ జగ్గు పిడి ఊడగొట్టేలా ఉంది."

తిరుగు బస్సులో వదిన నెమ్మదిగా కిటికీ పక్కన కూర్చుంది. అన్ని జగ్గుల నరాల మందు పని చేసిందేమోనని నేను సంతోషపడ్డాను. లేదు. మధ్యలో ఒక్కసారి, కిటికీలోంచి చూస్తూ, "పాతిక పోట్లు వేస్తే ఆకు చచ్చిపోతుంది. అది దంపు కాదు, హత్య" అంది. మరి కాసేపటికి, "వరస ఎంతుందో చూశావా?" అంది.

ఆ సాయంత్రం మా అన్న ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, ప్రశ్న కోసం ఎదురుచూశాడు. రాలేదు. వదిన తలనొప్పని ముసుగేసుకుంది. అన్న నా దగ్గరికొచ్చి, "ఏం జరిగిందిరా? ఆడవాళ్ళెంతమంది అని అడగలేదు" అన్నాడు. ఆయన ముఖంలో భయం ఇంకా ఎక్కువైంది. నాలాంటివాడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో మీకు తెలీదు.

బుధవారం పొద్దున ఏడు గంటలకి రోలు ముందు ఎప్పటిలాగే జనం. ముందురోజు మూసేసిందన్న కోపంతో రెట్టింపు వచ్చారు. అన్న బండి పక్కన ఆపి, థర్మాసు పట్టుకుని, రోజూలాగే వరస దాటి ముందుకొచ్చాడు. వదిన థర్మాసు తీసుకుంది. ఐసు ముక్కలు వేసింది, నీళ్ళు పోసింది. మూత పెట్టింది. ఇచ్చేసింది.

అన్న అందుకోలేదు. "ఇలూ, ఆకు?"

"లేదు."

"లేదా? బుట్టల నిండా ఉంది కదా!"

"నా దగ్గర నీ మందు లేదు" అంది వదిన. అంతా విన్నారు. కానీ ఆమె అరవలేదు. ఆమె మెల్లగా మాట్లాడటం ఆ మూల మీద ఎవరూ ఎప్పుడూ వినలేదు కాబట్టి, జనం ముందుకు వంగి మరీ విన్నారు. "కాపియాతాలో దంపించుకో. న్యా ఒబ్దూలియా ఎడమచేత్తో బాగా దంచుతుంది. ఇంటికొచ్చేముందు పారబొయ్యకు, పాపం, కష్టపడి దంచిన ఆకు."

మా అన్న ముఖం వెన్నతీసిన పాలలా అయిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నేను శ్రద్ధగా సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాను, అప్పటికే ఎక్కి ఉన్న దారం.

"నువ్వు వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఏమంది?"

"నీ పేరు చెప్పలేదు. మంచి మనిషి." ఆ 'మంచి మనిషి' అన్న మాట ఆమె గొంతులోంచి బయటికి రావడానికి ఎంత ఇబ్బంది పడిందో చూడాలి, చేపముల్లు వెనక్కి లాగినట్టు. "బండి టైమైంది. వెళ్ళు."

అన్న వెళ్ళాడు. వదిన తర్వాతి జగ్గు అందుకుని, "ఏం బాధయ్యా?" అని మెల్లగా అడిగింది. ఆ జగ్గు చర్చి గంటల పెద్దమనిషిది. ఆయన నమ్మలేక అటూ ఇటూ చూసి, ఆమె చెవిలో చెప్పుకున్నాడు. ఆ పూట ఆమె రోకటి పోట్లు నేను లెక్కపెట్టాను. ఒకరికి ఏడు, ఒకరికి పదిహేను. చెయ్యి ఇక్కడ లేదు, కాపియాతాలో ఉంది. ప్రతి అరగంటకీ ఒకసారి, "ఇప్పుడక్కడికి చేరుంటాడా?" అని నన్నడిగింది. "చేరుంటాడు." "చుట్ట కంపులో నిలబడి కబుర్లు చెబుతుంటాడు." "చెబుతుంటాడు." "నువ్వు నోర్ముయ్యరా."

సాయంత్రం ఎండ తగ్గుతుండగా అన్న బండి దిగి, తిన్నగా రోలు దగ్గరికి వచ్చి థర్మాసు పెట్టాడు. వదిన మూత తీసింది. ముక్కు పెట్టింది. మళ్ళీ పెట్టింది. వేలు పెట్టి అడుగంతా తడిమింది. ఆకు రజను కూడా లేదు.

"కడిగావా?"

"లేదు. దంపించుకోలేదు."

"ఎందుకని?"

"రోజంతా ఉత్త నీళ్ళే పోసుకుని తాగాను" అన్నాడు అన్న. "న్యా ఒబ్దూలియా పిలిచింది. ఇవాళ వద్దులెమ్మా, చూద్దాం అన్నాను."

"మలుపు దగ్గర?"

అన్న టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. ఆయన అబద్ధం చెప్పాలనుకుంటే అదే సమయం. పెళ్ళాం అంత మెల్లగా అడుగుతుంటే ఏ మగాడైనా దడ రాలేదనే చెప్పేస్తాడు.

"వచ్చింది. దడ వచ్చింది. రోజూ అంత కాదు."

వదిన తలూపింది. ఆమె నోటి వెనక ప్రశ్నలు వరసకట్టి నిలబడి ఉన్నాయని నాకు తెలుసు, ఇరవై రెండేళ్ళ అలవాటు ఒక్క పూటలో చస్తుందా? పెదవి కదిలింది, మూతపడింది. మెడ దగ్గర నరం ఉబ్బింది. ఒకటీ, రెండూ, మూడూ, ఒక్కో ప్రశ్నా గొంతులోంచి కిందికి దిగడం కళ్ళతో చూశాను. చివరికి ఒక్కటి మాత్రం తప్పించుకుని బయటపడింది.

"ఇవాళ ఎంతమంది ఎక్కారు?"

మా అన్న భుజాలు బిగుసుకున్నాయి. "చాలామందే."

మేమిద్దరం ఎదురుచూశాం. వదిన రోకలి గట్టిగా పట్టుకుంది. కుడిచేతి కాయ తెల్లబడింది.

"అయితే అలిసిపోయుంటావు. కూర్చో" అని పుదీనా కట్ట అందుకుంది.

శుక్రవారం యజమాని దగ్గరికి అన్నతో నేనూ వెళ్ళాను, సాక్షిగా. ఎన్‌కర్నాసియోన్ బండి వద్దని అన్న చెప్పాడు. కారణమేంటని ఆయనడిగితే, "అక్కడ పుదీనా బాగుండదండి" అన్నాడు. యజమాని నా వైపు తిరిగి, మీ అన్నకి ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. బాగుపడుతోందన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా సాగదీయలేదు.